బాగా రాసే విద్యార్థిని కావాలంటే ఎలాంటి లక్ష్యాలు పెట్టుకోవాలి?

మూడోపేరా అనే పేరుతో ఒక విద్యార్థిని అడిగిన ప్రశ్న

నమస్తే అందరికీ. నేను డిగ్రీ రెండో ఏడాది, చరిత్ర విద్యార్థిని. ఈ సెమిస్టర్‌లో మాకు రాత కోర్సు ఒకటి ఉంది. కోర్సు పూర్తయ్యేసరికి రాతలో ఏం సాధించాలనుకుంటున్నామో, ఎవరి లక్ష్యాలు వాళ్లు ఒక పేజీ రాసి ఇవ్వమన్నారు మేడమ్. సెమిస్టర్ చివర్లో మా పేపర్లన్నీ ఒక ఫైల్‌లో పెట్టి, ఆ లక్ష్యాలు ఎంతవరకు నెరవేరాయో మేమే రాసుకోవాలి. దానికీ మార్కులున్నాయి.

నేను రాసిచ్చిన పేజీ సారాంశం ఇది: వ్యాకరణ దోషాలు తగ్గించుకుంటాను, పదసంపద పెంచుకుంటాను, రోజూ రాయడం అలవాటు చేసుకుంటాను, నా భావాలను స్పష్టంగా వ్యక్తపరుస్తాను. మేడమ్ ఆ పేజీ కింద రెండే ముక్కలు రాసి తిరిగిచ్చారు: "ఈ పేజీ మీద ఎవరి పేరు ఉన్నా సరిపోతుంది. మీ రాత గురించి రాయండి."

చదివినప్పుడు కొంచెం కష్టంగా అనిపించింది. కానీ ఆవిడ అన్నది నిజమే. అందుకే పోయిన సెమిస్టర్ పేపర్లన్నీ ముందేసుకుని కూర్చున్నాను. మార్జిన్లలో వేర్వేరు లెక్చరర్లు రాసినవి ఇలా ఉన్నాయి. "సమాచారం ఉంది, ఇంతకీ మీరేమంటున్నారు?" "ఈ పేరా ఇక్కడెందుకు?" "ఎవరన్నారు ఈ మాట?" ముగింపు దగ్గర ఒకరు "ఇదంతా మొదటి పేజీలోనే చదివేశాను" అని రాశారు. వాక్యాలు మరీ పొడుగని ఇంకొకరు.

ఉదాహరణకి అచ్చుయంత్రం యూరప్‌ను ఎలా మార్చిందన్న అంశం మీద నేను రాసిన వ్యాసం ఇలా మొదలవుతుంది: "నేటి ఆధునిక యుగంలో ముద్రణకు ఎనలేని ప్రాముఖ్యత ఉంది. పుస్తకాలు మానవ జీవితంలో విడదీయరాని భాగమైపోయాయి. పదిహేనవ శతాబ్దంలో జర్మనీలో గూటెన్‌బర్గ్ చేత ముద్రణ యంత్రం రూపొందించబడటం జరిగింది." ఆ తర్వాత ఆయన జీవితం ఒక పేరా, యంత్రం పనితీరు ఒక పేరా, మతసంస్కర్త మార్టిన్ లూథర్ గురించి ఒక పేరా, విజ్ఞానశాస్త్రం గురించి ఒక పేరా. చివర్లో "కావున ముద్రణ మానవాళికి ఒక వరం అని చెప్పవచ్చు." ఆరు పుస్తకాలు చదివి రాశాను. సగటు మార్కులొచ్చాయి.

నాకు నిజంగా బాగా రాయాలని ఉంది. మార్కుల కోసం మాత్రమే కాదు. చదివేటప్పుడు బుర్రలో ఎన్నో మెదులుతాయి, కాగితం మీదకి వచ్చేసరికి పుస్తకంలో ఉన్నదే మళ్లీ వస్తుంది. లక్ష్యం అంటే ఎంత నిర్దిష్టంగా ఉండాలి? ఎన్ని పెట్టుకోవాలి? నెరవేరిందో లేదో నాకు నేను ఎలా తెలుసుకోవాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి, ప్లీజ్.

లైబ్రరీకిటికీ జవాబు

నేను ఆఖరి ఏడాదిలో ఉన్నాను. ఇలాంటి పేజీ నేనూ రాశాను. పాత పేపర్లు ముందేసుకున్నారు చూడండి, అక్కడే సగం పని అయిపోయింది. ఆ వ్యాఖ్యలన్నీ ఒక కాగితం మీద వరసగా ఎత్తి రాయండి. ఏది మళ్లీ మళ్లీ వస్తోందో అదే మీ లక్ష్యం. వేర్వేరు మనుషులు, వేర్వేరు సబ్జెక్టుల్లో ఒకే మాట అంటున్నారంటే అది వాళ్ల అభిరుచికి సంబంధించింది కాదు, మీ రాతలో ఉన్నదే.

నాకు ఎక్కువగా వచ్చింది మీకూ వచ్చిన "ఎవరన్నారు?" అన్నదే. "మూలాలు సరిగా చూపిస్తాను" అని లక్ష్యం రాసుకుంటే ఏమీ మారదు, ఎందుకంటే డ్రాఫ్ట్ రాసే సమయానికి ఏ మాట ఏ పుస్తకంలోదో గుర్తుండదు. నోట్స్ తీసుకునే పద్ధతే మార్చాలి. నేను పేజీని నిలువుగా రెండు భాగాలు చేస్తాను. ఎడమవైపు పుస్తకం ఏమంటోంది, పేజీ నంబర్‌తో సహా. కుడివైపు దాని గురించి నాకేమనిపిస్తోంది: ఒప్పుకుంటున్నానా, వేరే పుస్తకం దీనికి అడ్డం వస్తోందా, ఇక్కడ ఏం చెప్పకుండా వదిలేశారు. మొదట్లో కుడివైపు అంతా ఖాళీగా ఉంటుంది. ఖాళీ ఉన్నా ఫరవాలేదు, కానీ పేజీకి కనీసం ఒక్క ప్రశ్నైనా రాయాలని పట్టు పట్టాను. మీరు అన్నారే, చదివేటప్పుడు బుర్రలో ఎన్నో మెదులుతాయని. అవి నిలిచే చోటు అదే. డ్రాఫ్ట్ రాసేటప్పుడు కుడివైపు భాగాన్ని ముందు పెట్టుకుని మొదలుపెట్టండి, ఎడమవైపు దానికి సాక్ష్యంగా వస్తుంది.

నా లక్ష్యం పేజీలో రాసింది ఇంతే: "ప్రతి పేపర్‌కీ రెండు భాగాల నోట్స్ తీస్తాను, కుడి భాగంలో ప్రశ్న లేని పేజీ ఉండదు." చేశానా లేదా అన్నది నోట్‌బుక్ తెరిస్తే తెలిసిపోతుంది, ఎవరినీ అడగక్కర్లేదు.

చిత్తుప్రతి జవాబు

విద్యార్థుల డ్రాఫ్టులు చదివి, వాళ్లతో కూర్చుని మాట్లాడటం చాలా ఏళ్లుగా నా పని. మీ పోస్ట్ చదివి సంతోషం వేసింది, కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

ముందుగా ఒక మాట. మీకు వచ్చిన వ్యాఖ్యల్లో పొడుగు వాక్యాల సంగతి పక్కన పెడితే, మిగతావన్నీ చాలావరకు ఒకటే. "మీరేమంటున్నారు" అన్న ప్రశ్నకి వ్యాసంలో జవాబు లేకపోతే ఏ పేరా ఎందుకుందో ఎవరికీ తెలియదు, ఎందుకంటే అది నిరూపించాల్సింది ఏమీ లేదు. ముగింపుకి మొదటి పేజీని తిరిగి చెప్పడం తప్ప పని ఉండదు. "ఎవరన్నారు" కూడా అంతే, మీ మాటకీ పుస్తకం మాటకీ మధ్య గీత లేనప్పుడు వస్తుంది. కాబట్టి నాలుగు లక్ష్యాలు వద్దు. వాదన అన్న ఒక్కదాన్ని పట్టుకోండి, మిగతావి దాని వెనకాలే వస్తాయి.

లక్ష్యం ఎంత నిర్దిష్టంగా ఉండాలని అడిగారు. ఎడ్విన్ లాక్, గ్యారీ లేథమ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు దీని మీద దశాబ్దాలపాటు పనిచేసి, 1990లో తమ సిద్ధాంతాన్ని ఒకచోటికి తెచ్చారు. "శాయశక్తులా చేయి" అని చెప్పిన వాళ్లకంటే, నిర్దిష్టంగా, కొంచెం కష్టంగా ఉండే లక్ష్యం ఉన్నవాళ్లు మెరుగ్గా చేస్తారన్నది అందులో ముఖ్యమైన విషయం. ఇది విన్న విద్యార్థులు చాలామంది వెంటనే "వచ్చే పేపర్‌కి ఎనభై మార్కులు" అని రాసుకుంటారు. అది నిర్దిష్టమే. కానీ ఇంకా చేతకాని పనికి అలాంటి లక్ష్యం పెద్దగా సాయపడదు. టెన్షన్ పెరుగుతుంది, దారి మాత్రం కనబడదు. అలాంటప్పుడు నేర్చుకోవాల్సిన పద్ధతి మీద లక్ష్యం పెట్టుకోవడం మేలని లేథమ్ తర్వాతి పరిశోధనల్లోనూ తేలింది.

రాత మీదే జరిగిన ఒక అధ్యయనం దీనికి బాగా సరిపోతుంది. 1999లో బ్యారీ జిమ్మర్‌మన్, అనస్తాసియా కిట్సాంటాస్ అనే పరిశోధకులు హైస్కూల్ అమ్మాయిలకు చిన్న చిన్న వాక్యాలను కలిపి ఒక చక్కటి వాక్యంగా తిరగరాయడం నేర్పారు. కొందరు ఫలితం మీదే చూపు పెట్టారు. కొందరు పద్ధతిలోని మెట్ల మీద పెట్టారు, వీళ్లు మొదటి వాళ్లకంటే బాగా చేశారు. అందరికంటే బాగా చేసింది మాత్రం ముందు పద్ధతి మీద ఉండి, అది చేతికి వచ్చాక ఫలితం వైపు మళ్లిన వాళ్లు. ఎప్పటికప్పుడు తాము చేసింది రాసిపెట్టుకోవడం కూడా సాయపడింది. ఈ వరస గుర్తుపెట్టుకోండి. మార్కుల గురించి ఆలోచించే సమయం వస్తుంది, కానీ ఇప్పుడు కాదు.

ఇక మీ వ్యాసానికి వద్దాం. "ముద్రణకు ఎనలేని ప్రాముఖ్యత ఉంది" అన్న వాక్యాన్ని కాదనే మనిషి ఎవరైనా ఉంటారా? ఉండరు. అందుకే అది వాదన కాదు. నేను విద్యార్థులతో వాడే పరీక్ష ఇదొక్కటే: విషయం తెలిసిన తెలివైన మనిషి "నేను ఒప్పుకోను" అనగలగాలి. అలా అనలేని వాక్యం వ్యాసాన్ని మోయలేదు.

మీరు చదివిన పుస్తకాల్లోంచే ప్రయత్నిద్దాం. అచ్చు వల్ల పుస్తకాలు ఎక్కువయ్యాయి, చవకయ్యాయి అని అందరూ రాస్తారు. దాని పక్కన ఈ వాక్యం పెట్టి చూడండి: "అచ్చు తెచ్చిన అసలు మార్పు పుస్తకాల సంఖ్యలో లేదు. ఎక్కడెక్కడో ఉన్న ఇద్దరు చదువరులు ఒకే పాఠాన్ని ముందు పెట్టుకుని పోల్చుకోగలగడంలో ఉంది." చేతిరాత ప్రతుల్లో ఏ రెండూ అచ్చంగా ఒకేలా ఉండవు కాబట్టి ఇది చెప్పుకోదగ్గ మాట. చరిత్రకారుల్లో దీన్ని బలపరిచినవాళ్లూ ఉన్నారు, తొలినాళ్ల అచ్చుపుస్తకాలు మనం అనుకున్నంత నమ్మదగినవి కావని వాదించినవాళ్లూ ఉన్నారు. అంటే దీని మీద దెబ్బలాట సాధ్యం. మీకు కావలసింది అదే.

ఇప్పుడు పేరాలు వాటంతట అవే సర్దుకోవడం చూడండి. గూటెన్‌బర్గ్ జీవితానికి పేరా అక్కర్లేదు, 1450ల్లో మైన్జ్ నగరంలో అని ఒక్క వాక్యం చాలు. లూథర్ పేరా ఉంటుంది, కానీ "లూథర్ కూడా అచ్చును వాడుకున్నాడు" అని కాదు. 1522లో ఆయన జర్మన్‌లోకి తెచ్చిన కొత్త నిబంధన అచ్చయ్యాక, ఊరూరా మనుషులు ఒకే వాక్యం మీద వాదించుకోగలిగారన్నది చెప్పడానికి ఉంటుంది. మీకు ఎదురు వచ్చే సాక్ష్యానికి కూడా ఒక పేరా కావాలి. 1631లో లండన్‌లో అచ్చయిన ఒక బైబిల్లో పది ఆజ్ఞల దగ్గర "వద్దు" అని చెప్పే ఒక్క పదం జారిపోయి, వ్యభిచారం చేయమన్నట్టుగా అచ్చయింది. ముద్రాపకులకు జరిమానా పడింది. అచ్చు నిజాన్ని ఎలా వ్యాపింపజేస్తుందో తప్పునీ అలాగే వ్యాపింపజేస్తుందని ఎవరైనా మిమ్మల్ని అడ్డుకోవచ్చు. అప్పుడు మీరేమంటారు? ప్రతులన్నిటిలో ఒకే చోట ఒకే తప్పు ఉండటం వల్లే దాన్ని ఫలానా అచ్చులోని తప్పుగా గుర్తించి వేలెత్తి చూపగలిగారు అంటారా? లేకపోతే మీ వాదనని కొంచెం తగ్గించుకుంటారా? ఏది చేసినా అక్కడ ఆలోచిస్తున్నది మీరు. "మీరేమంటున్నారు" అని అడిగిన లెక్చరర్ వెతికింది ఆ చోటునే.

కాబట్టి మొదటి లక్ష్యాన్ని నేనైతే ఇలా రాస్తాను: "ప్రతి పేపర్‌కీ, రెండో డ్రాఫ్ట్ మొదలుపెట్టే ముందు, ఎవరైనా కాదనగలిగే ఒక వాక్యం రాసి పేజీ పైన పెడతాను. దానికి వచ్చే అతి బలమైన అభ్యంతరాన్ని కిందే రాస్తాను." మీరు చేసే పని, చేసే సమయం రెండూ అందులో ఉన్నాయి. చేశారా లేదా అన్నది కాగితమే చెబుతుంది.

రెండోది దిద్దుకోవడం గురించి. రాత బోధన మీద పరిశోధించిన నాన్సీ సోమర్స్ 1980లో విద్యార్థులనీ అనుభవజ్ఞులైన రచయితలనీ పోల్చి ఒక వ్యాసం రాశారు. విద్యార్థులకు దిద్దడమంటే ఎక్కువగా పదాలు మార్చడం. అనుభవజ్ఞులకు అది తమ వాదనకి ఆకారం వెతకడం. నా ముందు కూర్చునే పిల్లల్లో ఇప్పటికీ ఇదే చూస్తాను. "డ్రాఫ్ట్ మొత్తం మార్చేశాను" అంటారు, చూస్తే "ముఖ్యమైన" తీసేసి "కీలకమైన" పెట్టి ఉంటుంది. మీ పదసంపద లక్ష్యాన్ని ప్రస్తుతానికి పక్కన పెట్టమంటున్నది ఇందుకే. మీ పోస్ట్‌లో పదాలకేం కొదవ లేదు.

దాని బదులు ఇది చేయండి. డ్రాఫ్ట్ పూర్తయ్యాక, ప్రతి పేరా పక్కన మార్జిన్‌లో, ఆ పేరా మీ వాదన కోసం ఏం చేస్తోందో ఒక్క వాక్యంలో రాయండి. "గూటెన్‌బర్గ్ గురించి" అని రాస్తే కుదరదు, అది అంశం పేరు మాత్రమే. "చేతిరాత ప్రతులు ఎందుకు నమ్మదగినవి కావో చూపిస్తుంది" అంటే అది పని. పని చెప్పలేని పేరాని తీసేయండి, లేదా పక్క పేరాలో కలపండి. తర్వాత ఆ మార్జిన్ వాక్యాలు మాత్రమే పైనుంచి కిందికి చదవండి. వరస తప్పిన చోటు వెంటనే కనబడుతుంది.

వ్యాకరణం గురించి చివర్లో చెప్పడం కావాలనే. అది ఆఖరి రోజు పని. ఇంకా ఉంటుందో పోతుందో తెలియని పేరాలో వాక్యాలు సరిచేస్తూ కూర్చుంటే, తర్వాత ఆ పేరాని తీసేయడానికి మనసొప్పదు. మీ విషయంలో ఆఖరి రోజున వెతకాల్సింది ఒకటుంది: "జరిగింది", "బడింది". "గూటెన్‌బర్గ్ చేత ముద్రణ యంత్రం రూపొందించబడటం జరిగింది" అనే వాక్యాన్ని "గూటెన్‌బర్గ్ అచ్చుయంత్రాన్ని తయారుచేశాడు" అని రాయొచ్చు. ఫైల్‌లో ఆ పదాలు వెతికి, దొరికిన ప్రతిచోటా "ఎవరు చేశారు?" అని అడగండి. చేసినవాళ్ల పేరు ముందుకొస్తే మీ పొడుగు వాక్యాల్లో చాలావరకు వాటంతట అవే కురచబడతాయి.

మూడోపేరా

చాలా చాలా థాంక్సండీ ఇద్దరికీ. మార్జిన్ వాక్యాల పద్ధతి వెంటనే ఆ పాత వ్యాసం మీద చేసి చూశాను. విజ్ఞానశాస్త్రం పేరాకి పని చెప్పగలిగాను. మిగతావాటికి అంశం పేరే వచ్చింది.

లక్ష్యాలు ఇలా తిరగరాసుకున్నాను. చదివేటప్పుడు రెండు భాగాల నోట్స్, కుడివైపు పేజీకి ఒక ప్రశ్న. రెండో డ్రాఫ్ట్‌కి ముందు కాదనదగిన వాక్యం, దాని కింద అభ్యంతరం. డ్రాఫ్ట్ అయ్యాక పేరా పక్కన దాని పని. "జరిగింది" వేట చివరి రోజు.

రెండు సందేహాలు మిగిలాయి. ఒకటి, రాయకముందు నాకు వాదన తట్టదు. ఎంతసేపు కూర్చున్నా రాదు. రాస్తూ రాస్తూ చివరికి వచ్చేసరికి "ఓహో, నేను చెప్పాలనుకున్నది ఇదా" అనిపిస్తుంది. అప్పటికి సమయం అయిపోతుంది. రెండోది దానికి సంబంధించిందే. సబ్మిట్ చేయాల్సిన ముందురోజు రాత్రి దాకా నాకు చేయి కదలదు. రెండు డ్రాఫ్టులు ఎక్కడినుంచి తేవాలి?

నిదానం జవాబు

పైవాళ్లు చెప్పినదానికి నేను కొంచెం అడ్డం వస్తాను. చివర్లో వాదన దొరకడం మీలో లోపం కాదు, చాలామందికి రాత అలాగే నడుస్తుంది. లిండా ఫ్లవర్, జాన్ హేస్ అనే పరిశోధకులు 1981లో రాసిన వ్యాసం దీని గురించే. రాసేవాళ్లని రాస్తూనే తమ ఆలోచనల్ని పైకి చెప్పమని, వాటిని రికార్డు చేసి చూశారు. రాసేవాళ్లు ముందుగా అనుకున్న లక్ష్యంతో మొదలుపెట్టినా, రాస్తూ నేర్చుకున్నదాన్ని బట్టి కొత్త లక్ష్యాలు పుట్టించుకుంటారు, పాతవాటిని మార్చుకుంటారు. సెమిస్టర్ మొదట్లో పేజీ మీద రాసిన లక్ష్యాలకి ఎంత విలువ ఉందో, రాస్తూ మధ్యలో పుట్టిన వాటికీ అంతే ఉంది. కాబట్టి చిత్తుప్రతి గారు "రెండో డ్రాఫ్ట్‌కి ముందు" అన్న మాటని గట్టిగా పట్టుకోండి. మొదటి డ్రాఫ్ట్‌లో వాదన ఉండాలని ఆయన అనలేదు. మొదటిది వెతుక్కోవడానికే. అది అయ్యాక దాని ఆఖరి పేరాకి వెళ్లండి. మీకు తట్టిన మాట ఎక్కువగా అక్కడే ఉంటుంది. దాన్ని కత్తిరించి కొత్త పేజీ పైన అతికించి, అక్కడినుంచి రెండో డ్రాఫ్ట్ రాయండి.

ఇంకో విషయం. ఇక్కడ అందరూ రాయడం గురించే మాట్లాడుతున్నారు. చదవడం గురించి కూడా ఒక లక్ష్యం ఉండాలని నాకు గట్టిగా అనిపిస్తుంది. తర్వాత అమెరికా స్థాపకుల్లో ఒకడైన బెంజమిన్ ఫ్రాంక్లిన్ కుర్రవాడిగా అన్నగారి అచ్చుశాలలో పనిచేసే రోజుల్లో, ఒక స్నేహితుడితో ఉత్తరాల్లో వాదించుకునేవాడు. తండ్రి ఆ ఉత్తరాలు చూసి, స్పెల్లింగు, విరామచిహ్నాలు బాగున్నాయి గానీ వాక్య సొగసులో, క్రమంలో, స్పష్టతలో వెనకబడ్డావని ఉదాహరణలతో సహా చూపించాడు. మీ లెక్చరర్లు మార్జిన్‌లో చేసినట్టే. ఫ్రాంక్లిన్ ఏం చేశాడో ఆత్మకథలో చెప్పుకున్నాడు. స్పెక్టేటర్ అనే ఇంగ్లిష్ పత్రికలోని వ్యాసాలు తీసుకుని, ఒక్కో వాక్యం భావాన్ని చిన్న గుర్తుగా రాసుకునేవాడు. కొన్ని రోజులు పక్కన పెట్టి, ఆ గుర్తుల్ని చూస్తూ వ్యాసాన్ని సొంత మాటల్లో మళ్లీ కట్టేవాడు. తర్వాత అసలుదానితో పోల్చి తన తప్పులు దిద్దుకునేవాడు. ఒక్కోసారి ఆ గుర్తుల్ని కలగాపులగం చేసి, కొన్ని వారాల తర్వాత సరైన వరసలో పెట్టడానికి ప్రయత్నించేవాడు. ఆలోచనల్ని క్రమంలో పెట్టడం నేర్చుకోవడానికే అలా చేశానని ఆయనే చెప్పాడు. మీకు వచ్చిన "ఈ పేరా ఇక్కడెందుకు" అన్న వ్యాఖ్యకి ఇంతకన్నా మంచి మందు నాకు తెలియదు.

చరిత్ర పుస్తకాల్లో మీకు నచ్చిన ఒక అధ్యాయం ఎంచుకోండి. పేరాకి ఒక చీటీ చొప్పున భావం రాసి, కలిపేసి, వారం తర్వాత వరసలో పెట్టి చూడండి. పెట్టలేకపోతే ఆ రచయిత ఒక పేరాని ఇంకో పేరాకి ఏ మాటతో కలిపాడో వెనక్కి వెళ్లి చూడండి. నెలకి ఒక అధ్యాయం చాలు, అంతకంటే ఎక్కువ పెట్టుకుంటే మానేస్తారు.

చిత్తుప్రతి

నిదానం గారు అన్నది పూర్తిగా ఒప్పుకుంటున్నాను. ఫ్రాంక్లిన్ చీటీల పని విద్యార్థులతో నేనూ చేయిస్తాను, ముఖ్యంగా క్రమం కుదరనివాళ్లతో.

రాత్రి దాకా చేయి కదలకపోవడం గురించి. "రోజూ రాస్తాను" అన్న లక్ష్యం మీ మొదటి పేజీలో ఉంది, అందులో కోరిక మంచిదే. కానీ ఎప్పుడు, ఎక్కడ, ఏ పని అన్నది అందులో లేదు. పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఈ విషయాన్ని చాలా లోతుగా పరిశీలించారు. "ఫలానా సందర్భం వస్తే ఫలానా పని చేస్తాను" అని ముందే ముడివేసుకున్నవాళ్లు, ఊరికే అనుకున్నవాళ్లకంటే ఎక్కువగా ఆ పని చేస్తారు. మీ టైమ్‌టేబుల్లో ఇప్పటికే ఉన్నదానికి ముడి వేయండి. "మంగళవారం చివరి క్లాసు అయిపోగానే లైబ్రరీలో కూర్చుని, వచ్చే పేపర్‌కి అరపేజీ రాస్తాను, బాగుందా లేదా అని ఆ రోజు చూడను." అరపేజీ అన్నది కావాలనే. మొదటి డ్రాఫ్ట్ వెతుక్కోవడానికే అని ఒప్పుకున్నాం కదా, వెతుక్కునే పేజీ బాగుండాల్సిన పని లేదు. చాలామందికి ముందురోజు దాకా చేయి కదలకపోవడానికి కారణం బద్ధకం కాదు. మొదటి వాక్యమే సబ్మిట్ చేసే వాక్యంలా ఉండాలనుకోవడం. ఆ బరువు తీసేస్తే రెండు డ్రాఫ్టులకి సమయం దానంతట అదే వస్తుంది.

ఒక హెచ్చరిక. మీరు తిరగరాసుకున్న జాబితాలో నాలుగున్నాయి, నిదానం గారు ఒకటి కలిపారు. అన్నీ ఒకే పేపర్‌కి పెట్టుకోకండి. మొదటి పేపర్‌కి వాదన వాక్యం, మంగళవారం అరపేజీ మాత్రమే. అవి అలవాటయ్యాయని మీకు అనిపించాక మార్జిన్ వాక్యాలు. "జరిగింది" వెతకడానికి అంత సమయం పట్టదు కాబట్టి అది ఎప్పుడైనా చేసుకోవచ్చు.

నెరవేరిందో లేదో ఎలా తెలుసుకోవాలి అన్న ప్రశ్నకి ఇంకా ఎవరూ పూర్తిగా జవాబివ్వలేదు. ఏ డ్రాఫ్ట్‌నీ చెరిపేయకండి. కొత్త డ్రాఫ్ట్ అంటే కొత్త ఫైల్, పైన తేదీ. ప్రతి పేపర్ తిరిగొచ్చాక రెండు మూడు వాక్యాలు రాసిపెట్టండి: ఈసారి ఏం ప్రయత్నించాను, లెక్చరర్ వ్యాఖ్యల్లో ఏది తగ్గింది, ఏ కొత్త వ్యాఖ్య వచ్చింది. కొత్త వ్యాఖ్య వస్తే బాధపడకండి. "మీరేమంటున్నారు" పోయి "మీ వాదనకి ఈ సాక్ష్యం సరిపోదు" అని వచ్చిందంటే, లెక్చరర్ ఇప్పుడు మీ వాదనతో మాట్లాడుతున్నారన్నమాట. మీ తర్వాతి లక్ష్యం కూడా అక్కడే దొరుకుతుంది. చివర్లో మేడమ్‌కి ఇచ్చే ఫైల్‌లో, ఒకే పేరా మొదటి డ్రాఫ్ట్‌లో ఎలా ఉందో, మూడోదానిలో ఎలా ఉందో పక్కపక్కన పెట్టి, మధ్యలో మీరు తీసుకున్న నిర్ణయాలు రాయండి. "నేను చాలా మెరుగయ్యాను" అని ఒక పేజీ రాసినదానికంటే ఆ రెండు పేరాలు ఎక్కువ చెబుతాయి.

లైబ్రరీకిటికీ

ఒక్కటి కలుపుతాను. మీ క్లాసులో ఎవరితోనైనా డ్రాఫ్టులు మార్చుకోండి. అయితే "బాగుందా?" అని అడగొద్దు. స్నేహితులు బాగుందనే అంటారు, మీకు అందులో ఏమీ దొరకదు. డ్రాఫ్ట్ చేతికిచ్చి, చదివాక కాగితం మూసేయమని చెప్పి, "ఇందులో నేను ఏమంటున్నాను? ఒక్క వాక్యంలో చెప్పు" అని అడగండి. వాళ్లు చెప్పిన వాక్యాన్ని వాళ్ల ముందే రాసుకోండి, మధ్యలో సరిదిద్దకండి, వివరణ ఇవ్వకండి. తర్వాత మీరు పేజీ పైన పెట్టుకున్న వాక్యంతో పోల్చండి. రెండూ వేరుగా ఉంటే, చదివినవాళ్లకి ఆ వేరే మాట ఏ పేరాలో కనిపించిందో అడిగి, ఆ పేరాతోనే దిద్దడం మొదలుపెట్టండి.